సైనిక కుటుంబాల పిల్లలు బడి మారేటప్పుడు

పోస్టింగ్ ఆర్డరు వచ్చిందనగానే ఇంట్లో ముందుగా మాటల్లోకి వచ్చేవి కొత్త ఊళ్లో క్వార్టర్ ఎప్పుడు దొరుకుతుంది, సామాను ఎప్పుడు కట్టాలి, రైలు టికెట్లు దొరుకుతాయా అన్న సంగతులు. పిల్లల బడి విషయం చాలా ఇళ్లలో ‘టీసీ తీసుకుంటే సరిపోతుంది’ అన్న ఒక్క మాటతో తేలిపోతుంది. టీసీతో తెగిపోయేది పాత బడితో ఉన్న సంబంధం మాత్రమే. కొత్త బడిలో సీటు, సగంలో ఆగిన పాఠాలు, అక్కడి భాష, పిల్లవాడి మనసు, ఇవన్నీ విడివిడిగా చూసుకోవలసిన పనులు. వీటిలో కొన్నింటిని ఆర్డరు రాకముందే మొదలుపెట్టాలి. సికింద్రాబాద్ కంటోన్మెంట్ ప్రాంతంలో ఇలాంటి పిల్లలకు చాలాకాలం పాఠాలు చెప్పిన ఉపాధ్యాయురాలిగా, ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్‌లలో పనిచేస్తున్న తెలుగు కుటుంబాలను, బయటి నుంచి తెలుగు రాష్ట్రాలకు వచ్చే కుటుంబాలను దృష్టిలో పెట్టుకొని ఇది రాస్తున్నాను.

ముందు తరగతి, తరువాత ఊరు

బదిలీ ఎక్కడికి అన్నది మన చేతుల్లో లేకపోయినా, ఎప్పుడు అన్నది కొంతవరకు ఊహించగలిగిన విషయమే. ఒక పీస్ స్టేషన్‌లో, అంటే కుటుంబంతో కలిసి ఉండగలిగే పోస్టింగ్‌లో, రెండేళ్లు దాటాయంటే కదలిక దగ్గరపడిందని యూనిట్‌లో అందరికీ తెలుస్తుంది. కాబట్టి ఒక కాగితం మీద రాబోయే నాలుగైదు విద్యా సంవత్సరాలను వరుసగా రాసి, ఒక్కొక్క సంవత్సరానికి ఎదురుగా మీ పిల్లలు ఏ తరగతిలో ఉంటారో, ఆ ఏడాది బదిలీ జరిగే అవకాశం ఉందో లేదో గుర్తు పెట్టుకోండి. ఈ ఒక్క పని చేసుకున్న తల్లిదండ్రులకు తరువాత వచ్చే నిర్ణయాలు సగం తేలికవుతాయి.

అయిదో తరగతి లోపు మార్పు గురించి పెద్దగా భయపడనక్కరలేదు. ఆ వయసు పిల్లలు పాఠం కంటే టీచరును, పక్కన కూర్చునే స్నేహితుణ్ణి ఎక్కువగా పోగొట్టుకుంటారు, అంతే త్వరగా కొత్తవారిని సంపాదించుకుంటారు. ఒక్క చిక్కు మాత్రం వయసుది. కేంద్రీయ విద్యాలయాల్లో ఒకటో తరగతికి ఆ ఏడాది మార్చి 31 నాటికి ఆరేళ్లు నిండాలన్న నిబంధన 2022-23 నుంచి అమలులో ఉంది. మన ప్రాంతంలోని ప్రైవేటు బడుల్లో అయిదేళ్లకే ఒకటో తరగతిలో వేసిన పిల్లవాడు, మరుసటి ఏడు కేంద్రీయ విద్యాలయానికి వెళ్లినప్పుడు వయసు లెక్కలో తేడా వస్తుంది. ఒక ఏడాది కలిసి వస్తుందన్న ఆశతో చిన్న వయసులో బడిలో వేయడం బదిలీల ఉద్యోగంలో ఉన్నవారికి లాభం కాదని నా అభిప్రాయం.

ఆరు నుంచి ఎనిమిది వరకు అసలు సమస్య భాషది; దాని గురించి విడిగా చెబుతాను. తొమ్మిదో తరగతి నుంచి మాత్రం లెక్క మారిపోతుంది. సీబీఎస్‌ఈ దృష్టిలో 9, 10 తరగతులు కలిపి ఒక కోర్సు, 11, 12 కలిపి మరొక కోర్సు. పిల్లల పేర్లు 9లోను, 11లోను బోర్డులో నమోదవుతాయి, ఎంచుకున్న సబ్జెక్టులు అక్కడే స్థిరపడతాయి. అందువల్ల 10వ తరగతిలోకి, 12వ తరగతిలోకి నేరుగా మరో బడిలో చేరడం మామూలు విషయం కాదు. తల్లి లేదా తండ్రి బదిలీ అయినట్టు ఉత్తర్వు చూపించి, కొత్త బడి ద్వారా బోర్డు అనుమతి పొందవలసి ఉంటుంది. సైనికుల పిల్లలకు ఈ అనుమతి దొరకడం కష్టం కాదు గాని, పోస్టింగ్ ఆర్డరు, పాత బడి రిపోర్టు కార్డు, టీసీ సిద్ధంగా లేకపోతే వారాలు గడిచిపోతాయి.

ఇక్కడ పైకి కనబడని చిక్కులు కొన్ని ఉన్నాయి. హిందీలో కోర్సు ‘ఎ’, కోర్సు ‘బి’ అని రెండు ఉంటాయి. పాత బడిలో ఒకటి చదివి, కొత్త బడిలో మరొకటి మాత్రమే ఉంటే పదో తరగతిలో ఇబ్బంది పడతారు. తెలుగు విషయంలోనూ అంతే: సీబీఎస్‌ఈ జాబితాలో ఆంధ్రప్రదేశ్ తెలుగు 007, తెలంగాణ తెలుగు 089 అనే కోడ్‌లతో రెండు వేర్వేరు సబ్జెక్టులుగా ఉన్నాయి. విశాఖపట్నం నుంచి సికింద్రాబాద్ వచ్చే తొమ్మిదో తరగతి పిల్లవాడికి ‘తెలుగే కదా’ అనుకుంటే పొరపాటు. పదకొండులో ఐచ్ఛిక సబ్జెక్టు ఎంచుకునేటప్పుడు కూడా చాలా బడుల్లో దొరికేదాన్నే తీసుకోవడం మంచిది. ఒకటి రెండు చోట్ల మాత్రమే ఉండే సబ్జెక్టు తీసుకుంటే మరుసటి ఏడు అది లేని ఊరికి పోస్టింగ్ రావచ్చు.

ఇంటర్మీడియట్ గురించి తెలుగు కుటుంబాలు ప్రత్యేకంగా ఆలోచించాలి. మన రాష్ట్రాల్లో ఇంటర్ మొదటి సంవత్సరానికి కూడా బోర్డు పరీక్ష ఉంటూ వచ్చింది. సీబీఎస్‌ఈ 11వ తరగతికి ఉండేది బడి పెట్టే పరీక్ష. పదకొండు ఒక చోట, ఇంటర్ రెండో సంవత్సరం మరో చోట చదవాలన్న ఆలోచన కాగితం మీద ఎంత తేలికగా కనిపించినా ఆచరణలో పొసగదు. ఏ దారిలో వెళ్లినా ఆ రెండేళ్లూ ఒకే దారిలో ఉంచండి.

మరొక విషయం చాలామందికి పన్నెండో తరగతి అయిపోయాక తెలుస్తుంది. వృత్తి విద్యా కోర్సుల ప్రవేశాలలో ‘స్థానిక అభ్యర్థి’ హోదాను 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు పునాదిగా నిర్ణయిస్తూ వచ్చారు. అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదవడం అందులో కీలకమైన కొలత. అంటే 9 నుంచి 12 వరకు జోధ్‌పూర్‌లోనో తేజ్‌పూర్‌లోనో చదివిన పిల్లవాడు తన సొంత ఊళ్లో స్థానికేతరుడిగా లెక్కకు రావచ్చు. సైనికుల పిల్లలకు ‘క్యాప్’ పేరుతో ప్రత్యేక కోటా ఉంది, మినహాయింపులు కూడా కొన్ని ఉంటాయి. అయితే ఈ నిబంధనలు ఏటేటా మారుతున్నాయి, కోర్టుల దాకా వెళుతున్నాయి. పిల్లవాడు ఎనిమిదో తరగతిలో ఉండగానే ఆ ఏటి ప్రవేశ నోటిఫికేషన్ ఒకసారి పూర్తిగా చదవండి. సర్వీసు రికార్డులో మీ సొంత ఊరు ఏమని నమోదై ఉందో చూసుకోండి. మీ జిల్లా సైనిక్ సంక్షేమ కార్యాలయంలో ఏయే ధ్రువపత్రాలు ఇస్తారో కనుక్కోండి.

వెంట తీసుకువెళ్లాలా, ఒకచోట ఉంచాలా

పై లెక్క చూసుకున్నాక కొన్ని ఇళ్లలో పిల్లల్ని కదిలించకూడదన్న నిర్ణయం వస్తుంది. దానికి మూడు దారులున్నాయి. తండ్రి ఫీల్డ్‌కు, అంటే కుటుంబాన్ని వెంట తీసుకువెళ్లలేని చోటికి, వెళ్లినప్పుడు కుటుంబానికి ఇచ్చే సెపరేటెడ్ ఫ్యామిలీ క్వార్టర్ ఒకటి; బోర్డు తరగతి చదివే పిల్లలు ఉన్నప్పుడు ఉన్న క్వార్టర్‌నే మరికొంతకాలం ఉంచుకోవడానికి దరఖాస్తు చేసుకునే అవకాశం కూడా ఉంటుంది. రెండింటికీ స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌లో వెయిటింగ్ లిస్టు ఉంటుంది కాబట్టి ఆర్డరు వచ్చిన వారంలోనే దరఖాస్తు ఇవ్వాలి.

రెండో దారి అమ్మమ్మ, తాతయ్యల ఇల్లు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి మిలిటరీ మాధవరం అన్న పేరు ఊరికే రాలేదు, సైన్యంలో చేరినవారు అక్కడ అంతమంది ఉన్నారు. అలాంటి ఊళ్లలో తరతరాలుగా పిల్లలు పెద్దల దగ్గరే పెరిగి చదువుకున్నారు. ఇది మంచి దారే గాని, ఏడాదికొకసారి మార్చే దారి కాదు. ఈ ఏడు తాతగారి ఊరు, పై ఏడు నాన్న దగ్గర, ఆ పై ఏడు మళ్లీ తాతగారి ఊరు అంటూ తిప్పితే బదిలీ వల్ల వచ్చే కష్టానికి మనం మరొకటి జోడించినట్టవుతుంది.

మూడోది హాస్టల్ ఉన్న బడి. విజయనగరం జిల్లాలోని కోరుకొండ సైనిక్ స్కూల్ 1962 నుంచి, కలికిరి సైనిక్ స్కూల్ 2014 నుంచి నడుస్తున్నాయి. వీటిలో 6, 9 తరగతులకు అఖిల భారత ప్రవేశ పరీక్ష ద్వారా చేర్చుకుంటారు, సైనిక కుటుంబాల పిల్లలకు కొన్ని సీట్లు కేటాయిస్తారు. చాయల్, అజ్మీర్, బెళగావి, బెంగళూరు, ధోల్‌పూర్‌లలో ఉన్న రాష్ట్రీయ మిలిటరీ స్కూళ్లు కూడా ఇలాంటివే. హాస్టల్‌కు పంపడం పిల్లవాడి స్వభావాన్ని బట్టి తీసుకోవలసిన నిర్ణయం. ఇంటికి దూరంగా వారం రోజులు కూడా ఎప్పుడూ ఉండని పిల్లవాణ్ణి, పోస్టింగ్ వచ్చిందన్న కారణంతో హఠాత్తుగా పంపకండి.

ఏ బడి ఎంచుకోవాలి

తరచు బదిలీ అయ్యే కుటుంబానికి బడి పేరు కంటే, ఆ బడి ఏ వ్యవస్థలో భాగమన్నది ముఖ్యం. కేంద్రీయ విద్యాలయాలు పుట్టిందే ఈ అవసరం కోసం: 1963లో సైనిక స్థావరాల్లో నడుస్తున్న 20 రెజిమెంటల్ బడులను తీసుకొని ఆ పథకం మొదలైంది. ఒక కేంద్రీయ విద్యాలయంలో చదువుతున్న పిల్లవాడు తల్లిదండ్రుల బదిలీ వల్ల వేరే ఊరికి వస్తే, అక్కడి కేంద్రీయ విద్యాలయంలో సీట్లు నిండి ఉన్నా చేర్చుకుంటారు. ఈ సౌకర్యం దేశంలో మరే వ్యవస్థలోనూ ఇంత కచ్చితంగా లేదు. యూనిఫారం కూడా దేశమంతా ఒకటే కాబట్టి పాతది పారేయనక్కరలేదు. బయటి బడి నుంచి కొత్తగా చేరాలంటే మాత్రం ఖాళీలు ఉండాలి, తొమ్మిదో తరగతికైతే ప్రవేశ పరీక్ష కూడా రాయాలి. ప్రవేశాల్లో గడచిన ఏడేళ్లలో జరిగిన బదిలీల సంఖ్యను కూడా చూస్తారు కనుక, ప్రతి పోస్టింగ్ తేదీలతో యూనిట్ ఇచ్చే ధ్రువపత్రాన్ని ముందుగానే తీసి ఉంచుకోండి.

హైదరాబాద్ చుట్టూ పికెట్, తిరుమలగిరి, బొల్లారం, బేగంపేట, హకీంపేట, దుండిగల్, గోల్కొండలలోను, ఆంధ్ర తీరంలో విశాఖ నౌసేనాబాగ్, భీమునిపట్నం ఐఎన్ఎస్ కళింగ, బాపట్ల దగ్గర సూర్యలంకలలోను కేంద్రీయ విద్యాలయాలు ఉన్నాయి. ఇవి కాక 1983లో ఏర్పడిన ఆర్మీ వెల్ఫేర్ ఎడ్యుకేషన్ సొసైటీ కింద ఆర్‌కే పురం, బొల్లారం, గోల్కొండలలో ఆర్మీ పబ్లిక్ స్కూళ్లు ఉన్నాయి, విశాఖలో నేవీ నడిపే నేవీ చిల్డ్రన్ స్కూల్ ఉంది. ఈ బడుల్లో బదిలీ పిల్లలు అలవాటైన విషయం. ఆగస్టులో కొత్త పిల్లవాడు తరగతిలోకి వస్తే ఎవరూ వింతగా చూడరు. నా దృష్టిలో భవనాల కంటే, స్విమ్మింగ్ పూల్ కంటే ఇదే పెద్ద సౌకర్యం. ఫలానా ప్రైవేటు బడి ర్యాంకులు బాగున్నాయని కేంద్రీయ విద్యాలయం నుంచి తీసివేసే ముందు, రెండేళ్ల తరువాత మళ్లీ రావాలనుకుంటే బయటి అభ్యర్థిగానే నిలబడవలసి రావచ్చని గుర్తుంచుకోండి.

చట్టం ఇచ్చే రక్షణ ఎంతవరకో కూడా తెలిసి ఉండాలి. 2009 నాటి విద్యా హక్కు చట్టంలోని అయిదో సెక్షన్ ప్రకారం, ఎనిమిదో తరగతి లోపు పిల్లలు బడి మారాలంటే ప్రధానోపాధ్యాయుడు టీసీని వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోకుండా ఆపకూడదు. అయితే ఈ బదిలీ హక్కు ప్రభుత్వ, ఎయిడెడ్ బడులలో చేరడానికే వర్తిస్తుంది. కేంద్రీయ విద్యాలయాలు, అన్‌ఎయిడెడ్ ప్రైవేటు బడులు దాని పరిధిలో లేవు. కొత్త ఊళ్లో వెంటనే సీటు దొరక్కపోతే నెలల తరబడి ఇంట్లో కూర్చోబెట్టకుండా దగ్గరలోని ప్రభుత్వ బడిలో చేర్చడానికి ఈ సెక్షన్ పనికి వస్తుంది.

పేరు ఒకటే, అక్షరాలు వేరు

కాగితాలలో తెలుగువారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇంటిపేరు. మనం ఇంటిపేరును ముందు రాస్తాం, చాలాసార్లు ఒక్క అక్షరానికి కుదిస్తాం. జనన ధ్రువపత్రంలో ‘కె. సాయి చరణ్’, ఆధార్‌లో ‘కొల్లి సాయి చరణ్’, అంబాలా బడి రిజిస్టరులో ‘సాయి చరణ్ కొల్లి’, తండ్రి సర్వీసు రికార్డులో ‘సాయిచరణ్’ అని ఉంటే ఒకే పిల్లవాడు నలుగురవుతాడు. ఆర్మీలో పిల్లల పేరు, పుట్టిన తేదీ పార్ట్ టూ ఆర్డరు అనే యూనిట్ ఉత్తర్వు ద్వారా సర్వీసు రికార్డుకెక్కుతాయి. నేవీ, ఎయిర్ ఫోర్స్‌లలో దానికి సమానమైన నమోదు ఉంటుంది. బడి ప్రవేశానికి, విద్యా భత్యానికి, రేపటి కోటా సీటుకు అన్నిటికీ అదే మూలం. పైన చెప్పిన నాలుగు కాగితాలలో పేరు ఒకే తీరుగా ఉండేలా తొమ్మిదో తరగతి నమోదుకు ముందే సరిచేయించండి, ఎందుకంటే ఆ తరువాత పదో తరగతి సర్టిఫికెట్‌లో పడిన పేరును మార్చడం చాలా శ్రమతో కూడిన పని.

మిగతావి తొందరగా చెబుతాను. టీసీ, చివరి రెండేళ్ల రిపోర్టు కార్డులు, ఆ ఏడాది అప్పటివరకు ఉన్న హాజరు లెక్క, ఇంటర్నల్ మార్కులు, బోనఫైడ్ సర్టిఫికెట్, టీకాల కార్డు, పోస్టింగ్ ఆర్డరు నకలు, వీటన్నిటినీ ఒక ఫైలులో పెట్టి, ఆ ఫైలును సామాన్ల లారీలో కాకుండా చేతి సంచిలో తీసుకువెళ్లండి. హాజరు లెక్క ఎందుకంటే, సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షకు 75 శాతం హాజరు కావాలి, ప్రయాణంలో పోయిన రోజులు అందులో కోత వేస్తాయి. పదో తరగతిలో ప్రతి ప్రధాన సబ్జెక్టులో 20 మార్కులు ఇంటర్నల్‌వి కాబట్టి పాత బడిలో రాసిన పీరియాడిక్ టెస్టుల మార్కులను ప్రిన్సిపాల్ సంతకంతో తీసుకోండి. రాష్ట్ర బోర్డు బడి నుంచి సీబీఎస్‌ఈకి మారేవారు టీసీ మీద విద్యాశాఖ అధికారి కౌంటర్ సంతకం అవసరమా అని కొత్త బడిని ముందుగానే అడగాలి. ఊరు వదిలాక ఆ ఒక్క సంతకం కోసం తిరిగి రావడం దండగ.

ఇటీవల మరొక పని చేరింది. పిల్లలందరి వివరాలు యూడైస్ ప్లస్ అనే ఆన్‌లైన్ జాబితాలో ఉంటాయి, ఒక్కొక్కరికి పెన్ అనే శాశ్వత సంఖ్య ఉంటుంది. ఇప్పుడు 12 అంకెల అపార్ సంఖ్య కూడా ఇస్తున్నారు. పాత బడి తన జాబితా నుంచి పేరును విడుదల చేస్తేనే కొత్త బడి తన జాబితాలో చేర్చుకోగలదు. టీసీ చేతికిచ్చి ఈ విడుదల మరిచిపోయే బడులు తక్కువేమీ కాదు. ఆఫీసు గుమాస్తా కంప్యూటరులో ఆ పని పూర్తిచేసిన తరువాతే అక్కడి నుంచి బయలుదేరండి.

భాష దగ్గర పడే దెబ్బ

దేశంలో ఎక్కడికి వెళ్లినా లెక్కలు లెక్కలే, విజ్ఞానశాస్త్రం విజ్ఞానశాస్త్రమే. భాష అలా కాదు. తమిళనాడులో 2006 నుంచి, పంజాబ్‌లో 2008 నుంచి, కర్ణాటకలో 2015 నుంచి, తెలంగాణలో 2018 నుంచి, మహారాష్ట్రలో 2020 నుంచి అక్కడి భాషను బడుల్లో నేర్పాలన్న చట్టాలు ఉన్నాయి. కేంద్రీయ విద్యాలయాల్లో ఆరు నుంచి ఎనిమిది వరకు హిందీ, ఇంగ్లీషు, సంస్కృతం ప్రధానంగా ఉంటూ వచ్చాయి గనుక అక్కడ ఈ ఒత్తిడి తక్కువ. ప్రైవేటు బడిలో చేరే ఏడో తరగతి పిల్లవాడికి మాత్రం పుణెలో మరాఠీ, బెంగళూరులో కన్నడం, ఇక్కడికి వచ్చాక తెలుగు ఒకదాని తరువాత ఒకటి ఎదురవుతాయి. చేర్చుకునే రోజునే ప్రిన్సిపాల్‌ను మూడు ప్రశ్నలు అడగండి: రెండో భాష, మూడో భాష ఏవి, బయటి రాష్ట్రం నుంచి వచ్చినవారికి సులభ స్థాయి పుస్తకం గాని మినహాయింపు గాని ఉందా, ఈ ఏడాది భాషా మార్కులు పై తరగతికి వెళ్లడానికి లెక్కకు వస్తాయా. సమాధానాన్ని రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాటతో ఒప్పుకున్న సౌకర్యం టీచరు మారగానే మాయమవుతుంది.

అందరికంటే ఎక్కువగా నలిగిపోయేది మాత్రం తెలుగు రాష్ట్రానికి తిరిగి వచ్చిన తెలుగు పిల్లవాడు. పంజాబీ పిల్లవాడికి తెలుగు రాదని టీచరుకు తెలుసు, ఓపిక పడుతుంది. ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడే పిల్లవాడికి రాయడం రాదంటే నమ్మదు, బద్ధకం అనుకుంటుంది. నా తరగతిలో జోధ్‌పూర్ నుంచి వచ్చిన ఆరో తరగతి అబ్బాయి ఒకడు గోదావరి యాసలో గలగల మాట్లాడేవాడు. డిక్టేషన్ చెబితే ‘అమ్మమ్మ’ను ‘అమమ’ అని, ‘పుస్తకం’ను ‘పుసతకం’ అని రాసేవాడు. అచ్చులు, హల్లులు వాడికి వచ్చు. ఒత్తులు ఎవరూ నేర్పలేదు. దేవనాగరిలో సగం అక్షరం పక్కన వస్తుంది, తెలుగులో ఒత్తు కిందికి దిగుతుంది. ఆ తేడా దగ్గరే వాడు ఆగిపోయాడు. ఆరో తరగతి వాచకాన్ని పక్కన పెట్టి, రెండో తరగతి పుస్తకంతో రోజూ పావుగంట ఒత్తులు రాయించడం మొదలుపెట్టాక, దసరా సెలవుల తరువాత వాడు డిక్టేషన్‌కు భయపడటం మానేశాడు.

ఇది ఇంట్లో చేయగలిగిన పని. పోస్టింగ్ ఎక్కడ ఉన్నా, వారానికి మూడు రోజులు తెలుగు గుణింతాలు, ఒత్తులు, ఒక చిన్న కథ చదివించడం మానకండి. తాతయ్యకు ఉత్తరం రాయించడం దీనికి మంచి సాకు, ఫోన్లు ఎన్ని ఉన్నా.

పాఠం ఎక్కడ ఆగింది

సీబీఎస్‌ఈ బడుల్లో ఎక్కువగా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే ఉన్నా పాఠాలు చెప్పే వరుస అన్ని చోట్లా ఒకటి కాదు. ఒక బడిలో దశాంశాలు ముందు, మరో బడిలో భిన్నాలు ముందు చెబుతారు. జూలైలో బడి మారిన పిల్లవాడు దశాంశాలు రెండుసార్లు విని, భిన్నాలు ఒక్కసారి కూడా వినకుండా పై తరగతికి వెళ్లిపోగలడు. రెండేళ్ల తరువాత బీజగణితంలో తప్పులు వస్తే కారణం ఎవరికీ అంతుబట్టదు.

దీనికి నేను చెప్పే ఉపాయం ఒక్క పేజీ కాగితం. పాత బడి వదిలే ముందు ఒక్కొక్క సబ్జెక్టుకు ఏ పాఠాలు పూర్తయ్యాయి, ఏది సగంలో ఉంది, ఏవి మొదలు కాలేదు అని పిల్లవాడి చేతనే రాయించి, వీలైతే క్లాస్ టీచరు సంతకం తీసుకోండి. కొత్త బడి క్లాస్ టీచరుకు మొదటి రోజే దాన్ని ఇవ్వండి. పాత నోటుపుస్తకాలను బరువని పారేయకండి, కనీసం లెక్కలవి, సైన్సువి వెంట ఉంచండి. కొత్త బడిలో అప్పటికే పూర్తయిన పాఠాల జాబితా తీసుకొని, రెండు జాబితాలూ పక్కపక్కన పెడితే ఎక్కడ ఖాళీ ఉందో పావుగంటలో తెలిసిపోతుంది. ఆ ఖాళీకి మాత్రమే ట్యూషన్ పెట్టండి, అన్ని సబ్జెక్టులకూ కాదు.

రాష్ట్ర బోర్డు నుంచి వచ్చేవారికి మరొక తేడా ఉంటుంది. మన పదో తరగతిలో మూడు భాషలు ఉంటాయి, భౌతిక రసాయన శాస్త్రాలు ఒక పేపరు, జీవశాస్త్రం మరొక పేపరు. సీబీఎస్‌ఈలో ప్రధాన భాషలు రెండే, సైన్సంతా ఒకటే పేపరు. విద్యా సంవత్సరం మొదలయ్యే తేదీలు కూడా వేరు: కేంద్రీయ విద్యాలయాలు ఏప్రిల్‌లో మొదలైతే మన రాష్ట్రాల బడులు జూన్‌లో తెరుస్తారు. వీలుంటే తండ్రి ముందు వెళ్లి చేరి, పిల్లలు వార్షిక పరీక్షలు రాశాక కదలడం అన్నిటికంటే మేలు.

పాత బడి నుంచి కొత్త బడికి

బదిలీ సంగతి పిల్లలకు ఎప్పుడు చెప్పాలని తల్లులు అడుగుతుంటారు. ఆర్డరు వచ్చిన వారంలోనే చెప్పాలి. కంటోన్మెంట్‌లో ఏ వార్తా దాగదు. పక్క క్వార్టర్ పిల్లవాడి నోటి నుంచి వినడం కంటే మీ నోటి నుంచి వినడం మంచిది. చివరి వారంలో తరగతి స్నేహితుల ఫోన్ నంబర్లు ఒక పుస్తకంలో రాసుకోనివ్వండి, టీచర్లకు చెప్పి రానివ్వండి. ‘మళ్లీ సెలవుల్లో వద్దాంలే’ అన్న మాట ఇవ్వకండి, ఎందుకంటే అది జరగదని మీకు తెలుసు, రెండో బదిలీ నాటికి వాళ్లకూ తెలుస్తుంది.

కొత్త ఊళ్లో బడి తెరిచే ముందు రోజు పిల్లవాణ్ణి తీసుకువెళ్లి గేటు, తరగతి గది, మంచినీళ్ల చోటు, బాత్రూములు, బస్సు ఆగే చోటు చూపించండి. చిన్నవాళ్లు మొదటి రోజు ఏడ్చేది పాఠాల కోసం కాదు, బాత్రూము ఎక్కడో తెలియక. అదే క్వార్టర్ల వరుసలో ఉన్న ఒక పిల్లవాణ్ణి పరిచయం చేసి, మొదటి వారం ఇద్దర్నీ కలిసి వెళ్లనివ్వండి. ఆటలో, పాటలో ఏదో ఒకదానిలో నైపుణ్యం ఉన్న పిల్లలు వేగంగా కలిసిపోతారు కాబట్టి, చేరిన రోజే పీఈటీ సారును, సంగీతం టీచరును కలిసి చెప్పండి. జట్టు ఎంపికలు అప్పటికే అయిపోయినా ప్రాక్టీసుకు రానిమ్మని అడగండి.

పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల్లో కోపం వస్తుంది, ఆ కోపం తండ్రి ఉద్యోగం మీద, అంటే తండ్రి మీద పడుతుంది. దానికి దేశసేవ గురించి ఉపన్యాసం సమాధానం కాదు. వాళ్లు పోగొట్టుకున్నదేమిటో చెప్పనివ్వండి, తిరిగి నిర్ణయించగలిగిన చిన్న విషయాలను వాళ్లకే వదిలేయండి: గదిలో మంచం ఎటువైపు, ఏ క్లబ్బు, సైకిలా బస్సా. నెలన్నర దాటినా నిద్ర, తిండి, మాట తగ్గిపోయి ఉంటే బడి కౌన్సిలర్‌ను కలవండి. మిలిటరీ ఆసుపత్రిలోనూ సలహా అడగవచ్చు.

తండ్రి ఫీల్డ్‌లోనో, ఓడ మీదో ఉన్నప్పుడు ఆ సంగతి క్లాస్ టీచరుకు చెప్పి ఉంచండి. స్థలం, తేదీలు చెప్పనక్కరలేదు, చెప్పకూడదు కూడా. ‘నాన్న కొన్నాళ్లు ఫోనులో దొరకరు’ అన్నంత చాలు. మార్కులు పడిపోయిన వారంలో పిల్లవాణ్ణి తిట్టకుండా ఉండటానికి మాకు ఆ ఒక్క వాక్యం ఉపయోగపడుతుంది.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలు, విద్యా భత్యం

దివ్యాంగులైన పిల్లలున్న కుటుంబాలు పోస్టింగ్ ఎంపిక అడిగే దశలోనే బడి సంగతి చూసుకోవాలి. ఆర్మీ కుటుంబాల సంక్షేమ సంఘం కంటోన్మెంట్లలో ఆశా స్కూళ్లను నడుపుతోంది. నేవీ స్థావరాల్లో సంకల్ప్ కేంద్రాలు ఉన్నాయి. కొత్త ఊళ్లో ఇవి ఉన్నాయా, పిల్లవాడికి అవసరమైన థెరపీ దొరుకుతుందా అన్నది కనుక్కున్నాకే పోస్టింగ్ ఎంపికలు రాసి ఇవ్వండి. వైకల్య ధ్రువపత్రంతో పాటు, ఇప్పటివరకు జరిగిన థెరపీ వివరాలను పాత కేంద్రం నుంచి రాయించి తెచ్చుకోండి. బోర్డు పరీక్షలో అదనపు సమయం, లేఖకుడు వంటి సౌకర్యాలకు దరఖాస్తు కొత్త బడి ద్వారానే వెళ్లాలి గనుక చేరిన నెలలోనే ఆ ప్రస్తావన తేవాలి.

ఇక డబ్బు సంగతి. పిల్లల విద్యా భత్యం 2024 జనవరి 1 నుంచి ఒక్కొక్కరికి నెలకు 2,812 రూపాయల 50 పైసలు, హాస్టల్ సబ్సిడీ నెలకు 8,437 రూపాయల 50 పైసలు. మొదటి ఇద్దరు పిల్లలకు వర్తిస్తాయి, దివ్యాంగులైన పిల్లలకు విద్యా భత్యం రెట్టింపు. హాస్టల్ సబ్సిడీకి బడి ఇంటి నుంచి కనీసం 50 కిలోమీటర్ల దూరంలో ఉండాలి. విద్యా భత్యాన్ని ఏడాదికి ఒకసారి, ఆర్థిక సంవత్సరం ముగిశాక, బడి ప్రధానాధికారి ఇచ్చే ధ్రువపత్రం ఆధారంగా చెల్లిస్తారు. ఏడాది మధ్యలో బడి మారినవారికి రెండు బడుల నుంచీ ఆ పత్రం కావాలి. పాత బడి పత్రంలో పిల్లవాడు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చదివాడో స్పష్టంగా రాయించి టీసీతో పాటే తీసుకోండి. అక్కడ కట్టిన కాషన్ డిపాజిట్ కూడా అదే రోజు వసూలు చేసుకోండి, లేదా బ్యాంకు ఖాతా వివరాలు రాసిచ్చి రసీదు తీసుకోండి.